మంచుకు పది మార్కులు

రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఉన్న అద్దాల భవనాల్లో దానియేలుకు తెలియనిది లేదు. ఏ సెల్లార్ ర్యాంపు ఎంత వాలుగా ఉంటుందో, ఏ మలుపులో తన పికప్ బండి అద్దం స్తంభానికి రాసుకుంటుందో, ఏ గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి పేరు రాసుకోవడానికి పెన్ను కోసం ఎంతసేపు జేబులు తడుముకుంటాడో కళ్లు మూసుకుని చెబుతాడు. అయితే అతనికి తెలిసింది నేల కింద ఉన్న భాగమే. ఇరవై మూడేళ్లుగా ఆ భవనాలకు ఏదో ఒకటి మోస్తున్నాడు గాని, సెల్లార్‌కు పైన ఏముందో చూడలేదు. సరుకు పైకి వెళుతుంది. డ్రైవరు బండి దగ్గరే ఉండాలి. అది రూలు.

ఊరు తెనాలి దగ్గర. డ్రైవింగ్ ఎవరూ నేర్పలేదు. ఆసామి ట్రాక్టరు తోలే మనిషి మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీస్తున్నప్పుడు ఎక్కి, కళ్లంలో గుండ్రంగా తిప్పి నేర్చుకున్నాడు. మాదాపూర్‌లో గోడలు లేస్తున్న రోజుల్లో వచ్చి సిమెంటు మోశాడు. గోడలు లేచాక అద్దాలు మోశాడు. అద్దాలు బిగించాక కంప్యూటర్లు మోశాడు. ఆ కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లకు మనసు బాగుండటం లేదని, పచ్చదనం చూపిస్తే కుదుటపడుతుందని పై అంతస్తుల్లో ఎవరో కనిపెట్టాక, ఇప్పుడు మొక్కలు మోస్తున్నాడు.

ఆఫీసులు మొక్కలు కొనవు, కిరాయికి తెచ్చుకుంటాయి. ఏసీ గాలికి, ఎండ తగలని మూలల్లో మొక్క పది పన్నెండు రోజుల్లో తల వాల్చేస్తుంది. సోమవారం, గురువారం వాడిన కుండీలు దించి, కళగా ఉన్న కుండీలు పెట్టాలి. వాడినవాటిని నర్సరీకి తెచ్చి నీడలో నాలుగు వారాలు ఉంచితే మళ్లీ చిగురేస్తాయి. ఉద్యోగులకు ఆ సదుపాయం ఇంకా పెట్టలేదు.

ఈ వ్యాపారం చెన్నకేశవులుది. ప్రొద్దుటూరు నుంచి వచ్చి, స్కూటరు ముందు రెండు కుండీలు, వెనక రెండు కుండీలు పెట్టుకుని ఇంటింటికీ తిరిగిన మనిషి. అప్పట్లో ఆయన గోళ్లలో మట్టి ఉండేది. ఇప్పుడు మదీనాగూడలో ఒక కాంప్లెక్సు రెండో అంతస్తులో ఆఫీసు ఉంది. బోర్డు మీద నర్సరీ అన్న మాట ఎక్కడా లేదు. ‘వర్క్‌ప్లేస్ గ్రీనరీ’ అని ఉంది.

అసలు నర్సరీ శంకర్‌పల్లి రోడ్డు మీద ఉంది. దాని అంచున ఉన్న రెండు గదుల్లో దానియేలూ, భార్య కృపమ్మా ఉంటారు. కుండీల్లో మట్టి నింపడం, వేళ్లు కత్తిరించడం, ఏ మొక్క బతుకుతుందో ఏది బతకదో తేల్చడం కృపమ్మ పని. బండి దానియేలుది, డీజిలూ టైర్లూ కంపెనీవి. మొదటి రోజు నుంచీ అదే ఒప్పందం.

నర్సరీకీ తారు రోడ్డుకీ మధ్య రెండు వందల గజాల బాట ఉంది. నల్లరేగడి. ఎండాకాలంలో చెయ్యి పట్టేంత పగుళ్లు ఇస్తుంది, వానాకాలంలో చెప్పులు ఉంచేసుకుంటుంది. ఈ జులైలో పడిన వానలకు దానియేలు బండి వరసగా రెండు గురువారాలు అందులో దిగబడింది. వెనక టైర్లు గుండై, అరచేతిలా నున్నగా ఉన్నాయి. రెండుసార్లూ పక్క చేలోని ట్రాక్టరు తెచ్చి లాగించేసరికి తొమ్మిది దాటింది.

రాయదుర్గం టవర్‌లో మొక్కలు ఎనిమిదిలోపు దిగాలి. ఉద్యోగి వచ్చేసరికి మొక్క ఉండాలి, మొక్కను మోసే మనిషి ఉండకూడదు. ఆ టవర్ బాగోగులు చూసే మౌనిక మేడం రెండో ఆలస్యం తర్వాత చెన్నకేశవులుకు మెయిల్ పెట్టింది. మూడోసారి ఆలస్యమైతే నాలుగు వందల కుండీల పని ఇంకో కంపెనీకి ఇస్తామని అందులో ఉంది.

చెన్నకేశవులు దాన్ని దానియేలుకు చదివి వినిపించాడు. తర్వాత ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు.

“ఆ టవర్ పోతే నీ బండికి నా కాడ పని ఉండదప్పా. నేను చెడ్డగా చెప్పట్లేదు. ఉన్నమాట చెప్తా ఉండా.”

“టైర్లు మార్చమని మే నెలలోనే అడిగానండి.”

“మారుద్దాం. ఊరికే మార్చేది కాదు. ఏ టైరు వేయాల్నో మావాడు చూస్తా అన్నాడు.”

మావాడు అంటే సందీప్. మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తాడు. శుక్రవారాలు ఇంటి నుంచి పని కాబట్టి ఆ రోజు తండ్రి కంపెనీకి దారి చూపిస్తుంటాడు. స్టెప్నీ మార్చడం ఎప్పుడూ చేయలేదు గాని, మార్చే వీడియోలు చాలా చూశాడు.

శుక్రవారం పదకొండింటికి మీటింగు. గోడ మీది టీవీకి సందీప్ ల్యాప్‌టాప్ తగిలించాడు. ఒక కుర్చీలో చెన్నకేశవులు, ఒక స్టూలు మీద దానియేలు. చచ్చిన మొక్కల లిస్టు ఇవ్వడానికి వచ్చిన కృపమ్మ తలుపు దగ్గర నిలబడింది. వెళ్లమని ఎవరూ అనలేదు, కూర్చోమనీ అనలేదు.

“అంకుల్, మనకు రెండు ఆప్షన్లు ఉన్నాయి,” అన్నాడు సందీప్. “ఒకటి ఆల్ టెర్రైన్. అంటే బురద, రాళ్లు, ఇసుక, ఎక్కడైనా వెళ్తుంది. రెండోది ఆల్ సీజన్. అంటే ఎండ, వాన, చలి, ఎప్పుడైనా వెళ్తుంది.”

“ఎక్కడైనా వెళ్లేది ఎప్పుడైనా వెళ్లదా బాబూ?” అంది కృపమ్మ.

“అది వేరే డిస్కషన్ ఆంటీ.”

తెర మీద ఒక పట్టిక వచ్చింది. పన్నెండు గడులు, ఒక్కో గడికి ఇన్ని మార్కులని. బురదకు పది, శబ్దానికి ఐదు, మైలేజీకి పది. దానియేలు ఒక్కొక్కటే చదువుతూ తొమ్మిదో గడి దగ్గర ఆగాడు.

“ఇది మంచు మీద నడవడానికా సార్?”

“అవునంకుల్.”

“శంకర్‌పల్లి రోడ్డులో మంచు...”

“పడదని నాకూ తెలుసు. టెంప్లేట్ బయటి దేశంది. ఆ కాలమ్ తీసేస్తే ఫార్ములా మొత్తం దెబ్బతింటుంది. ఉండనీయండి, నష్టం లేదు.”

మంచుకు పది మార్కులు. ఆల్ టెర్రైన్‌కు అందులో తొమ్మిది వచ్చాయి. ఆల్ సీజన్‌కు ఒకటి. అడుగున మొత్తం కూడి ఉంది. ఆల్ టెర్రైన్ డెబ్బై ఒకటి, ఆల్ సీజన్ అరవై నాలుగు. సందీప్ ఇంకో తెర చూపించాడు. అతని స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఓటింగు పెడితే పదకొండు మందిలో తొమ్మిది మంది ఆల్ టెర్రైన్ అన్నారు. ఆ తొమ్మిది మందిలో ఒకరు బెంగళూరులో ఉంటారు, ఇద్దరికి సైకిళ్లు ఉన్నాయి.

“క్లియర్‌గా ఉంది కదా నాన్నా?”

“బాగా క్లియర్‌గా ఉంది,” అన్నాడు చెన్నకేశవులు. ఆయన చూపు తెర మీద గాని, లెక్క మీద గాని లేదు. కొడుకు మాట్లాడుతున్న తీరు మీద ఉంది. మొక్కలు అమ్ముకున్నవాడి కొడుకు టీవీలో వార్తలు చదివేవాడిలా మాట్లాడుతుంటే ఆయనకు కడుపు నిండింది.

“బాబూ, ఆ బాట మీద విరిగిన కుండీల పెంకులు పరిస్తే...” అంది కృపమ్మ.

“ఆంటీ, రోడ్డు మన స్కోప్‌లో లేదు. ఇది టైర్ మీటింగ్.”

“మావాడు పెద్ద కంపెనీలో ఇట్లాంటివి దినామూ చేస్తాడమ్మా. వానికి తెలుసులే,” అన్నాడు చెన్నకేశవులు.

మెట్లు దిగుతుంటే కృపమ్మ దానియేలుతో అంది. “ఆ మంచు మార్కులు తీసేస్తే మొదటిదానికి అరవై రెండు, రెండోదానికి అరవై మూడు. చూశావా?”

దానియేలు చూశాడు. ర్యాంపు మీద ఎక్కడ ఎంత బ్రేకు వేయాలో వెంట్రుకవాసి తేడాతో తెలిసిన మనిషికి, ఏడు మార్కుల తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా ఉంటుందా. అయినా మీటింగులో నోరు విప్పలేదు. టీవీ పెట్టి ఇంగ్లీషులో చెప్పే మాటకు అడ్డు చెప్పడం అతనికి అలవాటు లేదు. ఇరవై మూడేళ్లు సెల్లార్‌లో ఉండగా వచ్చిన జబ్బు అది. పైనుంచి వచ్చిన మాటలో ఏదో ఉండే ఉంటుందని ఒక నమ్మకం.

“మనకెందుకే,” అన్నాడు.

శనివారం పొద్దున రాజయ్య షాపుకు వెళ్లాడు. మదీనాగూడలో ముంబై హైవే పక్కన రేకుల షెడ్డు అది. రాజయ్యకు అరవై దాటాయి. టైరు చెడిందని తెచ్చిన బండికి ముందు ఇంజను ఆపించి, టైరు చుట్టూ అరచెయ్యి ఆనించి మెల్లగా తిప్పుతాడు. ఎక్కడ అరిగిందో, ఎందుకు అరిగిందో, నడిపేవాడికి కోపం ఎక్కువో తొందర ఎక్కువో ఆ చేతికే తెలుస్తుంది. ఆ సమయంలో మాట్లాడితే విసుక్కుంటాడు.

నాలుగు టైర్లూ తడిమి లేచాడు.

“ముందటి రెండు మంచిగనే ఉన్నయి. ఎనకయి రెండు గుండైనయి. గా రెండు మారిస్తే సాలు. రోడ్డు టైరెయ్యి.”

“వాళ్లు ఆల్ టెర్రైన్ అన్నారన్నా. నాలుగూ మార్చమన్నారు.”

“ఎవలన్నరు?”

“ఓనర్ గారి అబ్బాయి. రెండు రకాలకూ మార్కులు వేశాడు.”

“టైర్లకు మార్కులా. ఏ బడికి పోయినయట?” రాజయ్య గుడ్డకు చేతులు తుడుచుకున్నాడు. “నీ నర్సరీ కాంచి టవర్ దాక ఎంత దూరం?”

“ముప్పై ఆరు కిలోమీటర్లు.”

“అండ్ల బురద ఎంత?”

“రెండు వందల గజాలు.”

“రెండు వందల గజాల కోసం ముప్పై ఆరు కిలోమీటర్లు గమ్‌బూట్లు ఏసుకొని నడుస్తవా తమ్మీ?”

దానియేలు ఫోను తీసి సందీప్‌కు కలిపి స్పీకర్ నొక్కాడు. తను చెప్పలేని మాట రాజయ్య చెబితే పని అయిపోతుందని ఆశ.

“అంకుల్, మీ ఎక్స్‌పీరియెన్స్‌ను నేను చాలా రెస్పెక్ట్ చేస్తాను,” అన్నాడు సందీప్ ఫోనులోంచి. “కానీ డేటా ఏం చెబుతోందంటే...”

డేటా చెప్పేదానికి నాలుగు నిమిషాలు పట్టింది. రాజయ్య అంతా విన్నాడు.

“మంచిది పటేలా. గాలి ఎంత పెట్టాల్నో గది కూడ డేటానే చెప్తదా, నేను చూసుకోవాల్నా?”

“అది మీరు చూసుకోండి అంకుల్.”

రాజయ్య ఫోను తిరిగి ఇచ్చేసి, లోపలి నుంచి కొత్త టైర్లు దొర్లించుకొచ్చాడు. గడ్డలు గడ్డలుగా, వేలు దూరేంత లోతు గాళ్లతో ఉన్నాయి. పక్క గోడ మీద ఒక కొండ, దాని నడుమ మంచు పువ్వు బొమ్మ.

“ఈ కొండ ఏంది?”

“మంచులో కూడా నడుస్తుందని గుర్తంట అన్నా.”

“మదీనాగూడల,” అన్నాడు రాజయ్య.

తను ఒప్పుకోని పనిని కూడా శుభ్రంగా చేయడం అతని తత్వం. రిమ్ములకు పట్టిన తుప్పు గీకి, అంచులకు సబ్బు నీళ్లు రాసి, బోల్టులు ఎదురెదురుగా బిగించాడు. పానా చివరి తిప్పు చేత్తోనే తిప్పాడు. పాత ముందు టైర్లు రెంటినీ మూలకు చేర్చి సుద్దముక్కతో దానేలు అని రాశాడు. వాటి మీద ఇంకో రెండు రోడ్డు టైర్లు పెట్టాడు.

“అవెందుకన్నా?”

“ఉండనియ్యి.”

సోమవారం తెల్లవారుజామున వాన. బండిలో అరవై కుండీలు. కొత్త టైర్లు నల్లరేగడిని గోళ్లతో పట్టినట్టు పట్టి, ఒక్క జారు జారకుండా బాట దాటాయి. కృపమ్మ గొడుగు పట్టుకుని చూస్తోంది. దానియేలుకు సంతోషం పుట్టి, కిటికీలోంచి చెయ్యి ఊపాడు. సందీప్‌ను అనవసరంగా తక్కువ చేశాననుకున్నాడు. తారు రోడ్డు ఎక్కాక టైర్లు పిండి మర తిరిగినట్టు హోరెత్తాయి. పోనీలే, మోటు టైర్లు అంతే అనుకున్నాడు. కొల్లూరు, తెల్లాపూర్, గచ్చిబౌలి దాటి ఏడూ పదిహేనుకే టవర్ గేటు ముందున్నాడు.

రెండో సెల్లార్‌కు వెళ్లే ర్యాంపులో మూడు మలుపులు ఉంటాయి. తిన్నటి రోడ్డు మీద పైపై మట్టి ఎగిరిపోయింది గాని, గాళ్ల లోతున కూరుకున్న రేగడి ముప్పై ఆరు కిలోమీటర్లూ నమ్మకంగా అంటిపెట్టుకుని వచ్చింది. మొదటి మలుపులో స్టీరింగ్ తిప్పగానే టైర్లు ఆ మట్టిని వదలడం మొదలుపెట్టాయి. జిలేబీ ముక్కల్లా, ఇటుక ముక్కల్లా, ర్యాంపు పొడుగునా. కింద నేలకు వారం కిందటే బూడిదరంగు పెయింటు వేశారు. దువ్వుకోవడానికి అద్దం అక్కర్లేనంతగా మెరుస్తోంది. బండి ఆగేసరికి దాని మీద రెండు నల్ల చారలు పడ్డాయి.

తెల్ల బూట్లు వేసుకున్న ఒక పెద్దమనిషి కారు దిగి, ఆ చార మీద అడుగు వేసి, కాలు ఎత్తి చూసుకున్నాడు. మౌనిక మేడం దిగి రావడానికి రెండు నిమిషాలు పట్టింది.

“అంకుల్, ఇదేంటి?”

“మట్టండి.”

“మట్టి అని తెలుస్తోంది. ఇక్కడికి ఎలా వచ్చింది?”

“మొక్కలతో పాటు వచ్చిందండి.”

ఆమెకు నవ్వు వచ్చినట్టే ఉంది, ఆపుకుంది. “టైముకే వచ్చారు, ఓకే. కానీ ఈ వారం ఫ్లోర్ ఆడిట్ ఉంది. గురువారం టైర్లకు ఇలా మట్టి ఉంటే గేటు దగ్గరే ఆపేస్తారు. ఆపేస్తే లేటే. అది మూడోది అవుతుంది, ఇక నా చేతుల్లో ఉండదు.”

దానియేలు గోనెసంచి తడిపి, మోకాళ్ల మీద కూర్చుని, ర్యాంపు పై నుంచి కింది దాకా తుడిచాడు. మీటింగు చివర సందీప్ చూపించిన వీడియోలు వేటిలోనూ ఆ టైరు సెల్లార్‌లోకి దిగలేదు. కొండలు ఎక్కింది, వాగులు దాటింది. ఇంటికి వచ్చాక ఎవరు తుడిచారో చూపించలేదు.

మధ్యాహ్నం ఫోనులో మళ్లీ మీటింగు.

“ఇది ఎడ్జ్ కేస్ అంకుల్,” అన్నాడు సందీప్. “గేటు ముందు ప్రెషర్ వాషర్‌తో టైర్లు కడిగితే సరిపోతుంది.”

“గేటు ముందు మెట్రో ఉంది సార్. నీళ్లు లేవు.”

“అయితే ఫ్లోర్ అని ఇంకో కాలమ్ కలిపి మళ్లీ చూద్దాం.” కీబోర్డు చప్పుడు వినిపించింది. ఫ్లోర్‌కు ఐదు మార్కులు పెట్టాడు. ఆల్ సీజన్‌కు ఐదు, ఆల్ టెర్రైన్‌కు ఒకటి ఇచ్చాడు. “డెబ్బై రెండు, అరవై తొమ్మిది. ఇప్పటికీ ఆల్ టెర్రైనే బెటర్ అంకుల్. మన డెసిషన్ కరెక్టే.”

మూడు మార్కులతో మళ్లీ మంచే గెలిచింది.

“నువ్వు తోలేదాంట్లో ఏమన్నా తేడా ఉందేమో చూసుకోప్పా,” అని మధ్యలో చెన్నకేశవులు గొంతు వినిపించింది. “మంచి టైర్లు వేయించినాం కదా.”

దానియేలు సరేనండి అని పెట్టేశాడు. గురువారానికి రెండు రోజులు ఉన్నాయి. బండి గేటు దగ్గర ఆగిపోతే టవర్ పోతుంది. టవర్ పోతే బండికి పని పోతుంది, పనితో పాటు ఆ రెండు గదులూ పోతాయి. ఇంతటి సంగతి మంచు పడే ఏదో ఊరివాళ్లు తయారుచేసుకున్న గడిలో ఇరుక్కుని ఉంది. ఆ గడిని చూసి కూడా తను నోరు మూసుకున్నాడు. ఆ ఒక్కదానికి సందీప్‌ను అనడానికి లేదు.

నర్సరీకి వచ్చేసరికి వెనక వైపు నుంచి టక టకమని చప్పుడు. అక్కడ విరిగిన కుండీల గుట్ట ఉంది. ఎక్కించేటప్పుడు కొన్ని, దించేటప్పుడు కొన్ని పగులుతూ తొమ్మిదేళ్లలో నడుమెత్తు పెరిగింది. చూడటానికి బాగాలేదని, కస్టమర్లు వస్తే పరువు పోతుందని చెన్నకేశవులు దాని మీద పచ్చ గుడ్డ కప్పించాడు. కృపమ్మ ఆ గుడ్డ తీసేసి, గట్టు మీద కూర్చుని, సుత్తితో పెంకులు కొడుతోంది. పెద్దవి ఒక పక్క, సన్నవి ఒక పక్క వేస్తోంది.

దానియేలు ఒక పెంకు చేతిలోకి తీసుకున్నాడు.

“రెండేళ్ల నుంచి చెప్తున్నావు నువ్వు.”

“మూడు,” అంది కృపమ్మ, తల ఎత్తకుండా. “మీ మీటింగులకు వచ్చి చెప్పింది ఒక్కసారి. ఇంట్లో చెప్పింది మూడేళ్లు.”

అతను ఇంకో సుత్తి వెతుక్కున్నాడు.

మంగళవారం పొద్దున రాజయ్య దగ్గరికి వెళ్లాడు. రాజయ్య ఏమైందని అడగలేదు. గాళ్లలో ఎండిన మట్టిని స్క్రూడ్రైవర్‌తో పొడిచి ఒక పెళ్ల తీసి, చూసి, పారేశాడు. మూలకు పోయి సుద్దతో పేరు రాసి ఉన్న రెండు టైర్లూ, వాటి మీదివి రెండూ తెచ్చాడు.

“నేను వస్తానని తెలుసా అన్నా?”

“ఎప్పుడొస్తవో తెల్వదు. టైరు మార్చుడు సగం పనే. బాట సంగతేంది?”

“కృపమ్మ పెంకులు కొడుతోంది.”

“గట్లైతే ఫికర్ లేదు. బాటంత పరువకు. చక్రాలు పోయే గీతలు రెండే తవ్వు, జానెడు లోతు. అడుగున పెద్ద పెంకులు, మీద సన్నయి. నడుమ గడ్డి ఉండనియ్యి, అది మట్టిని పట్టుకుంటది. పక్కకు కాల్వ తియ్యి. నీళ్లు నిలవడ్డదంటే నువ్వు ఏం పరిచినా మింగుతది.”

తీసేసిన కొండ బొమ్మ టైర్లను పక్కకు దొర్లిస్తూ రాజయ్య అన్నాడు. “వీటిని ఈడ పెట్టు. రాళ్లు తోలే బండోడు ఎవడన్న వస్తే ఇచ్చేస్త. ఆడికైతే మంచిగ పనికొస్తయి.”

దానియేలు ఫోను చేసి అడిగితే సందీప్ ఒప్పుకోలేదు, టైర్లు నర్సరీకే చేరాయి. టైర్లు అమ్మితే పట్టిక తప్పని ఒప్పుకున్నట్టు అవుతుంది. వాటిని ‘తాత్కాలికంగా పక్కన పెట్టాం’ అని కంపెనీ వాట్సాప్ గ్రూపులో రాశాడు. వాటి బదులు ఏవి ఎక్కించావని అడగలేదు. అది తెలుసుకోవాలని అతనికి తోచలేదు కూడా. నర్సరీకి అతను వచ్చింది ప్రారంభోత్సవం రోజునే.

మంగళవారం, బుధవారం మొగుడూ పెళ్లాం బాట మీదే ఉన్నారు. రెండు గీతలు తవ్వారు, పక్కన కాలువ తీశారు. తీసిన మట్టిని కృపమ్మ కుండీలకు పంపించింది. రేగడిలో ఇసుకా ఎరువూ కలిపితే మందారాలకు మంచిది. అడుగున చేటలంత పెంకులు బోర్లించి, సందుల్లో ముక్కలు దూర్చి, సుత్తితో తట్టారు. పైన సన్న పెంకు పరిచారు. తారు రోడ్డు కలిసే చోట ఇరవై అడుగుల మేర, దగ్గర్లో రాళ్లు కోసే షెడ్డువాళ్లు పారేసిన గ్రానైటు ముక్కలు పోశారు. చక్రానికి అంటిందేమైనా అక్కడ దులుపుకుని పోవాలని కృపమ్మ లెక్క. తర్వాత దానియేలు బండి నిండా తడి మట్టి బస్తాలు వేసి, ఆ గీతల మీద ముందుకూ వెనక్కూ నలభై సార్లు తిప్పాడు. దిగిన చోట మళ్లీ పెంకు పోశారు. దిగని దాకా తిప్పాడు. దీనికి ఎవరి అనుమతీ అడగలేదు. అడిగితే శుక్రవారం దాకా ఆగాలి.

బుధవారం సాయంత్రం నుంచి ముసురు పట్టింది. గురువారం అయిదున్నరకు బండి కదిలేసరికి చెట్లన్నీ కారుతున్నాయి. కృపమ్మ ఈసారి బండిలోనే కూర్చుంది, తారు రోడ్డు దాకా. చక్రాల కింద పెంకులు కరకరమన్నాయి. సగం దూరంలో ఒకచోట వెనక చక్రం కొంచెం కుంగింది. దానియేలు యాక్సిలరేటర్ మీద కాలు అలాగే ఉంచాడు, పెంచలేదు, తగ్గించలేదు. బండి లేచి ముందుకు పోయింది.

రోడ్డు ఎక్కాక దిగి, టైరు గీతల్లో వేలు పెట్టి చుట్టూ తిప్పింది కృపమ్మ. వేలు చూపించింది. తడి తప్ప ఏమీ లేదు.

“పో,” అంది.

ఏడూ పన్నెండుకు గేటు. సెక్యూరిటీ మనిషి టార్చి పట్టుకుని ఉన్నాడు, పక్కన మౌనిక మేడం. ఆమె వంగి నాలుగు టైర్లూ చూసింది. బండి ర్యాంపు దిగుతుంటే వెనకే నడిచింది. మూడో మలుపు దాటాక టిష్యూ కాగితం తీసి నేల మీద రుద్ది చూసింది. కాగితం తెల్లగానే ఉంది.

“సూపర్ అంకుల్. టైర్లు మార్చారా? ఆడిట్ నోట్‌లో రాయాలి.”

“ఇవి మామూలు రోడ్డు టైర్లేనండి. బాట మార్చాం.”

“ఏ బాట?”

దానియేలు చెప్పాడు. పెంకులు, గీతలు, కాలువ, గ్రానైటు ముక్కలు. ఇంత పొడుగున అతను సెల్లార్‌లో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె శ్రద్ధగా విని, ట్యాబ్‌లో ఫారం తెరిచింది. వాహనానికి ఏం సరిచేశారు అన్నచోట టైర్లు, బ్రేకులు, హారన్ అని మూడే ఉన్నాయి. కాసేపు ఆలోచించి టైర్లు అన్నచోట టిక్కు పెట్టింది.

ఆ నోటు శుక్రవారానికి చెన్నకేశవులుకూ, ఆయన నుంచి సందీప్‌కూ చేరింది. సోమవారానికి సందీప్ నెట్‌లో తన ఉద్యోగపు స్నేహితులు చూసే చోట ఒక పెద్ద వ్యాసం పెట్టాడు. సరైన డేటాతో సరైన టైరు ఎంచుకుని, చేజారబోయిన కస్టమర్‌ను ఎలా నిలబెట్టుకున్నామో అందులో ఉంది. కింద పట్టిక బొమ్మ, కొండ గుర్తు టైరు ఫోటో. రెండు వందల పన్నెండు మంది మెచ్చుకున్నారు. బెంగళూరు అతను చప్పట్ల బొమ్మ పెట్టాడు.

ఆగస్టులో ఒకరోజు చెన్నకేశవులు నర్సరీకి వచ్చాడు. వానాకాలం ఆయన కారు ఎప్పుడూ తారు రోడ్డు మీదే ఆగిపోయేది. ఈసారి నేరుగా పందిరి దాకా వచ్చింది. దిగి, వెనక్కి తిరిగి బాట చూశాడు. ఒకప్పుడు స్కూటరు మీద కుండీలు మోసిన మనిషి కాబట్టి, చెప్పు మడమతో పెంకు తొక్కి చూడటం మర్చిపోలేదు. అది కదలలేదు.

“దీన్ని ఎప్పుడేయించినామమ్మా?”

“మీటింగ్ అయిన వారానికి సార్,” అంది కృపమ్మ.

“చూసినావా. మావాడు మీటింగ్ పెడితే ఏదో ఒక మంచి జరుగుతాది,” అని తృప్తిగా లోపలికి పోయాడు.

కొండ గుర్తు టైర్లు నాలుగూ దసరా దాకా పందిరి వెనక పడి ఉన్నాయి. అప్పుడు సందీప్‌కు ఇంకో ఆలోచన వచ్చింది. పారేసే వస్తువులతో అందాలు అని. వాటికి పసుపు రంగు వేయించి, నడుమ గుండ్రటి చెక్క బిగించి, కుండీలు చేయమన్నాడు. సోమవారం సోమవారం మార్చక్కర్లేకుండా, వాడిపోని మొక్క ఏదైనా పెట్టమన్నాడు. కృపమ్మ నాగజెముడు పెట్టింది.

వాటిని రాయదుర్గం టవర్‌కు తీసుకెళ్లింది దానియేలే. రెండో సెల్లార్‌లో దించాడు. పైవాళ్లు ట్రాలీ తెచ్చి ఒక్కొక్కటే ఎక్కించారు. పసుపు రంగు కింద నుంచి కొండ, మంచు పువ్వు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

“ఏ ఫ్లోర్‌కండీ ఇవి?” అని అడిగాడు.

“పదకొండు. పెద్దవాళ్ల క్యాబిన్ల ముందర.”

సర్వీస్ లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. పైన ఇరవై నాలుగు గంటలూ ఏసీ, బాగా చల్లగా ఉంటుందట. మంచులో తొమ్మిది మార్కులు తెచ్చుకున్నవి ఇన్నాళ్లకు తగిన చోటికి చేరాయని దానియేలుకు అనిపించింది. బండి దగ్గరికి వచ్చి, వెనక టైరు చుట్టూ ఒకసారి అరచెయ్యి తిప్పి చూసుకుని, గాలి సరిగ్గా ఉందనుకుని, ర్యాంపు ఎక్కించాడు.